పదో పూస

బేరం ఆడకుండా ఏదైనా కొనడం నాకు చేతకాదు. మా నేతగాళ్ళ ఊళ్ళో నాన్నది బట్టల కొట్టు, మేనమామది నూలు కొట్టు, ఎదురింటివాళ్ళది బటన్లు, దారాల కొట్టు. మాటలు రాకముందే నాకు తల అడ్డంగా ఊపడం వచ్చిందని మా అమ్మ చెప్పేది. డాక్టరు వారం రోజులు మందులు వాడమంటే అయిదు రోజులకు ఒప్పించి వచ్చిన మనిషిని నేను. ఈ గుణంతో బాగుపడిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఎవరైనా అడిగితే అవే చెబుతాను. ఇది మాత్రం ఎవరూ అడగరు, నేనూ చెప్పలేదు.

పెళ్ళయ్యాక అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాం. చీరల ఫాల్స్, జాకెట్టు గుడ్డలు, లైనింగు, హుక్కులు, బటన్లు. మా ఆయన సరుకు తేవడానికి తిరిగేవాడు, కొట్లో నేను కూర్చునేదాన్ని. మెయిన్ రోడ్డు వదిలి పంజగుట్ట వైపు వెళ్ళే ఒక సందులో, పాత రెండంతస్తుల ఇంటి కింది గది మాది. పైన ఇంటి యజమాని, ఆయన భార్య ఉండేవారు. ఆయన పటాలంలో ముప్పై ఏళ్ళు పనిచేసి సుబేదారుగా రిటైరైన మనిషి. గుంటూరు వైపు క్యాథలిక్కులు. ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి పంపాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే.

ఆయనంటే భయం గది చూడటానికి వెళ్ళిన రోజే మొదలైంది. అద్దె చెప్పారు. అలవాటు ప్రకారం సగానికి అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"అమ్మాయ్, మిలిటరీ క్యాంటీన్లో ఎప్పుడైనా సబ్బు కొన్నావా?"

"లేదు సార్."

"అక్కడ బేరం ఉండదు. ఇక్కడా అంతే. రేపు పొద్దున ఆరింటికి వచ్చి తాళం తీసుకో. ఆరూ అయిదుకి వస్తే ఇవ్వను."

బేరం ఆడని మనిషిని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. మర్నాడు ఆరు కావడానికి పావుగంట ముందే వెళ్ళి గేటు పట్టుకుని నిలబడ్డాను.

రోజూ సాయంత్రం ఏడింటికి మా కప్పు మీద నుంచి జపమాల వినిపించేది. సగం జపం ఆయన గొంతు, మిగతా సగం ఆవిడది. కింద ఆడపిల్లలు చిలకపచ్చా, ముదురాకుపచ్చా అని తేల్చుకోలేక నలుగుతుంటే పైన ఆ జపం ఒక్క తీరున సాగేది. ఆదివారం కూతుళ్ళూ అల్లుళ్ళూ మనవలూ వచ్చినప్పుడు జవాబు చెప్పే గొంతులు పెరిగేవి. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో నలభై రోజులు ఆయన మాంసం ముట్టరు. ఆ సంగతి తెలియక నేను ఒక శుక్రవారం బిర్యానీ పంపాను. డబ్బా మూత తీయకుండానే తిరిగొచ్చింది, పక్కన నాలుగు అరటిపళ్ళతో సహా.

ఆయన నడక ఒక వింత. మెట్లెప్పుడూ గోడవారనే ఎక్కుతారు. సందులో ఎవరైనా తవ్వి పూడ్చిన మట్టి ఉంటే దాని మీద కాలు పెట్టరు, ఎంత దూరమైనా చుట్టూ తిరిగి వెళతారు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో తవ్వని సందేది? పొద్దున టెలిఫోన్ వాళ్ళు తవ్వితే మధ్యాహ్నం నీళ్ళ పైపులవాళ్ళు తవ్వేవారు. గోడల నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు, కింద చూస్తే గుంతలు. ఆయన కూరగాయలకు వెళితే పక్కసందుకే అరగంట పట్టేది.

"ఎందుకు సార్ అంత సుట్టు తిరుగుతరు? మట్టే గదా" అని ఒకసారి నవ్వాను.

ఆయన గోడవారగా మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆవిడే కొట్లోకి వచ్చి చెప్పింది. "ఆయనది నేలలో పాతిన మైన్లు ఏరే పటాలం అమ్మా. డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయాక పొలాల్లో ఏరారు. అప్పట్నుంచీ ఆ నడకే. పెళ్ళిలో ఏడడుగులు లేవు కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఒక్కో అడుగూ పొడిచి చూసి గానీ వేసేవారు కాదు."

ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వడం అప్పటికి తేలిక.

ఆ ఏడాది మా పక్కనున్న పాత బంగళా పడగొట్టారు. కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల కోసం అయిదంతస్తుల కాంప్లెక్సు వస్తుందన్నారు, కింద రెండు సెల్లార్లు. మూడడుగులు తవ్వేసరికి బండ తగిలింది. హైదరాబాదులో ఎక్కడ తవ్వినా అంతే. బండకు బెజ్జాలు కొట్టి, మందు కూరి, వత్తి పెట్టి పేల్చడం మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మేస్త్రి విజిల్ ఊదేవాడు. సందుకు రెండు వైపులా తాళ్ళు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీసేవారు. గుంత మీద ఇసుక బస్తాలు, పాత టైర్లు కప్పేవారు. తర్వాత ఒక్కొక్కటే పేలేది. షట్టరు గడగడలాడేది. డబ్బాల్లో బటన్లు ఎగిరి పడేవి. నేను కౌంటరు కింద కూర్చుని రెండు చెవులూ మూసుకుని, ఆ భవనం కట్టేవాడి ఏడు తరాలనూ తలుచుకునేదాన్ని.

మొదటి రోజు మోతలన్నీ అయ్యాక బయటికి వచ్చి చూస్తే సార్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో జపమాల. ముఖం సున్నం కొట్టినట్టుంది. పాపం, యుద్ధం గుర్తొచ్చి మోతకు జడుసుకున్నారనుకున్నాను.

"భయమైందా సార్? మంచినీళ్ళు తేనా?"

"మోత వస్తే నాకేం కాదమ్మాయ్" అన్నారాయన. "రావాల్సిన మోత రాకపోతేనే."

అప్పుడు చెప్పారు. బెజ్జానికి ఒక వత్తి. ఒక్కోదానికీ విడివిడిగా నిప్పు పెట్టి మనిషి పైకి పరుగెత్తి వస్తాడు. ఎన్ని బెజ్జాలో అన్ని మోతలు లెక్కకు రావాలి. ఒకటి తగ్గిందంటే లోపల ఎక్కడో వత్తి రాజుకుంటూ ఉందన్నమాట. అది ఎప్పుడు అందుకుంటుందో ఎవరికీ తెలియదు. అందుకే లెక్క సరిపోయినా సరే, అరగంట దాకా ఎవరూ కిందికి దిగకూడదు.

ఆ సాయంత్రమే వెళ్ళి మేస్త్రితో మాట్లాడారు. మేస్త్రి చెడ్డవాడేం కాదు. పాన్ నములుతూ "మిలిటరీ సాబ్ చెప్పినంక కాదంటనా?" అన్నాడు. రోజుకు సరిగ్గా పది బెజ్జాలని ఒప్పుకున్నాడు. జపమాలలో ఒక వరసకు పది పూసలు. మోతకు ఒక పూస జరిపితే లెక్క తప్పే పని లేదు. అరగంట తాడు విప్పనని కూడా ఒప్పుకున్నాడు.

ఆ అరగంటే నా గొంతులో ముల్లైంది. ఒంటిగంటకూ రెండింటికీ మధ్యే ఇన్‌స్టిట్యూట్ల నుంచి, హాస్టళ్ళ నుంచి ఆడపిల్లలు వచ్చేది. తాడు చూసి వెనక్కి తిరిగి ఇంకో కొట్టుకు పోయేవాళ్ళు. నాలుగో రోజు మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, అన్ని పేలినంక సుత అరగంట ఎందుకన్నా? నా గిరాకీ మొత్తం పోతున్నది."

"సాబ్ చెప్పిండక్కా."

"సాబ్‌తో నేను మాట్లాడిన. ఒప్పుకున్నడు. అయిదు నిమిషాలు చాలంట."

"అయిదా? ఇరవై జేస్త తియ్."

"పది. నీ మాటొద్దు, నా మాటొద్దు."

"సరే అక్కా, పది. నాకు సుత ట్రాక్టర్ లేటైతున్నది."

సార్‌తో నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. పది మోతలూ లెక్కకు వచ్చాక ఆయన పైకి వెళ్ళి అన్నానికి కూర్చుంటారు, తాడు ఎప్పుడు విప్పారో చూడరు. ఆ సంగతి గమనించే అబద్ధమాడాను. గుడ్డ ధర తగ్గించినట్టు అరగంటను పది నిమిషాలకు తగ్గించి, ఎంత గర్వంగా కొట్లోకి నడిచానో నాకిప్పటికీ గుర్తుంది. ఆ పూట నాకు నేనే ఒక సమోసా కొనిచ్చుకున్నాను.

గుంతలో బండముక్కలు ఎత్తే ఆడవాళ్ళు పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకామె జాకెట్టు గుడ్డ కోసం నా దగ్గరికి వచ్చింది. గుడ్డను రెండు వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి చూసింది.

"అక్కా, గీ గుడ్డ ఒక్కసారి ఉతికితే మా ఆయన చెవులకు పెట్టుకునే దూది సుత గాదు."

"మంచి గుడ్డమ్మా ఇది, రంగు పోదు."

"రంగెందుకు పోతది? అసలు ఉంటే గదా పోనీకి."

ఆమె అడిగిన ధరకే ఇచ్చాను. పైన ఒక హుక్కుల అట్ట ఊరికే పట్టుకుపోయింది. నన్ను బేరంలో ఓడించిన మనిషి నా ఎరుకలో ఆమె ఒక్కతే. కోపం రావాల్సింది, ముద్దొచ్చింది. ఆ తర్వాత రోజూ తట్ట నెత్తిన పెట్టుకుని వెళుతూ "ఏమక్కా, ఇయ్యాల ఎవరిని ముంచినవ్?" అని పలకరించేది.

మూడు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం. విజిల్ ఊదారు, తాళ్ళు కట్టారు. నేను షట్టరు సగం దించి దాని కింది సందులోంచి చూస్తున్నాను. అప్పటికి మోతలు కొంచెం అలవాటయ్యాయి. మెట్ల మీద సార్ మోకాళ్ళు, వాటి మీద జపమాల పట్టుకున్న చెయ్యి నాకు కనిపిస్తున్నాయి. ఒక మోత, ఒక పూస. మరొకటి, మరో పూస. అలా బొటనవేలు జరుగుతూ జరుగుతూ ఒక పూస మీద ఆగింది. ఆగి అక్కడే ఉంది.

నేను ఎదురుచూశాను. వేలు కదల్లేదు. దుమ్ము తగ్గింది. మేస్త్రి విజిల్ ఊది చెయ్యి ఊపాడు. సార్ మెట్లు దిగి గుంత వైపు నడిచారు. గోడవారగా కాదు, సందు మధ్యలోంచి, తవ్విన మట్టిని తొక్కుకుంటూ. నేనూ వెనకే వెళ్ళాను.

"తొమ్మిదే" అన్నారాయన.

"పది సాబ్. నడుమ రెండు ఒక్కసారే పేలినయ్."

"రెండు కలిస్తే నేల వేరేగా కొడుతుంది. నా పాదాలకు తెలుస్తుంది. తొమ్మిదే వచ్చాయి. ఎవరినీ దింపకు, అరగంట ఆగు."

"రోజు పది నిమిషాలకే దిగుతున్నరు గద సాబ్! మీరే ఒప్పుకున్నరని అక్క చెప్పె."

సార్ తిరిగి నా వైపు చూశారు. నేను కొట్టు వైపు చూశాను. కళ్ళు దాచుకోవడానికి అక్కడ సగం దించిన షట్టరు తప్ప ఏమీ లేదు.

ఆయనకు తిట్టడానికి తీరిక లేదు. పది నిమిషాల అలవాటుకు ఆడవాళ్ళు అప్పటికే తట్టలు పట్టుకుని లారీ దిగే ఏటవాలు దారి మొదట్లో నిలబడ్డారు. అందరికంటే ముందు నన్ను బేరంలో ఓడించిన ఆమె. కొత్త జాకెట్టు వేసుకుంది, నా దగ్గర కొన్న గుడ్డే. వెనక ట్రాక్టరువాడు హారన్ కొడుతున్నాడు. సార్ వెళ్ళి ఆ దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపారు. జపమాల గాలిలో ఊగుతోంది.

"జరుగుర్రి సాబ్, గిది పటాలం గాదు!" మేస్త్రి గొంతు పెరిగింది. "ఓనరొచ్చి నన్ను తంతడు. ఏయ్, దిగుర్రే మీరు!"

సార్ అక్కడి నుంచే నన్ను చూసి, చాలా మామూలుగా అడిగారు. "అమ్మాయ్, బేరం ఎంతసేపు సాగదీయగలవు?"

నా జీవితంలో నన్నెవరూ అంత సూటిగా పని అడగలేదు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, నాకొక ట్రాక్టర్ బండ కావాలె. ఎంతకిస్తవ్?"

పగిలిన బండ అమ్ముకునే హక్కు మేస్త్రిది. అందుకని ఆగాడు. "గిప్పుడా?"

"గిప్పుడే. మా ఇంటికి పునాది."

ఏ ఇల్లు, ఏ పునాది? అతను ధర చెప్పాడు. నేను సగానికి అడిగాను. "సరే తీస్కో" అన్నాడు.

నిమిషం కూడా కాలేదు, బేరం తెగిపోయింది. అమ్మేవాడు వెంటనే ఒప్పుకుంటే ఏం చేయాలో మా నాన్న నేర్పలేదు.

"ఆగన్నా, ఎట్ల బండ ఇస్తవ్? పెద్దవి నాకొద్దు."

"చిన్నవే ఏపిస్త."

"మరీ చిన్నవైతే పునాదికెట్లొస్తయ్?"

"నడిమివి ఏపిస్తనక్కా!"

"ఎర్రటివొద్దు. నల్లవి గావాలె. ఎవరు దింపుతరు? నీళ్ళు పోసి కడిగిస్తవా?"

"బండను కడుగుతరా ఎవరన్న?"

అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. గుంతలోంచి సన్నగా పొగ లేస్తోంది, అది దుమ్మో, వత్తి పొగో నాకు తెలియదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట వింటే మా వంశంలో పెద్దలందరూ మంచాల మీంచి పడి ఉంటారు.

"అన్నా, గంత తక్కువకు నేను తీసుకోను. నీకు నష్టమైతది. ఇంకొంచెం చెప్పు."

మేస్త్రి పాన్ నమలడం ఆపాడు. ముందు నిలబడ్డ ఆమె పగలబడి నవ్వి తట్ట బోర్లించి దాని మీదే కూర్చుంది. "ఓ వదినా, ఇటు రాండ్రే! కొట్లక్కకు దిమాక్ ఖరాబైంది. ధర పెంచుతున్నది!" మిగతా ఆడవాళ్ళు కూడా చుట్టూ చేరారు.

"పెంచితే మంచిదే గదక్కా, మస్తు ఖుషీ" అన్నాడు మేస్త్రి.

"అట్లని మరీ పెంచకు!"

నవ్వులు. నేను పెంచాను, తగ్గించాను, మళ్ళీ పెంచాను. చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు నవ్వుతున్న ప్రతి క్షణం నాకు భయమే. ఎవరో ఒకరు విసుగెత్తి లేచి కిందికి దిగితే? వెనక సార్ గొంతు మొదలైంది, సాయంత్రం ఏడింటికి వినిపించే జపం, మిట్టమధ్యాహ్నం, నడివీధిలో. సగం చెప్పి ఆగారు. పై కిటికీలోంచి మిగతా సగం ఆవిడ గొంతు అందుకుంది. మళ్ళీ ఆయన, మళ్ళీ ఆవిడ. ఆ జపం ఎన్నిసార్లు విన్నానో! కింద కూర్చుని రంగులు చూపిస్తూ అది ఎప్పుడైపోతుందా అనుకున్న నేనే, ఆపకండి సార్, ఆపకండి అని లోపల్లోపల మొక్కుకున్నాను.

మేస్త్రికి అనుమానమొచ్చింది. "అక్కా, నువ్వు నా టైం ఖరాబ్ చేస్తున్నవ్. చాలు. లేవుర్రే అందరు!" అన్నాడు. ఆమె లేచింది. చీర దులుపుకుంది. తట్ట అందుకోవడానికి వంగింది.

అప్పుడు పేలింది.

ముందు పేలిన తొమ్మిదింటిలా కాదు. వాటి దెబ్బకు పైన కప్పిన బస్తాలూ టైర్లూ ఎప్పుడో చెదిరిపోయాయి, దీన్ని ఆపడానికి ఏమీ లేదు. గుంతలోంచి బండ పైకి లేవడం నా కళ్ళతో చూశాను. రోజూ ఆ ఆడవాళ్ళు తట్టలు నింపుకునే చోట, బెజ్జాలు కొట్టే కంప్రెషర్ మీద వేసిన రేకు రెండుగా మడతపడింది. తర్వాత చాలాసేపు మట్టి వాన కురిసినట్టు కురిసింది. ఆమె వంగినది వంగినట్టే ఉంది, రెండు చేతులూ తట్ట మీద.

సార్ మాత్రం కిందికి చూసి పదో పూస జరిపారు. తర్వాత పూస కోసం వెతుకుతున్నారు. వేళ్ళకు అది దొరకడం లేదు.

"ఇప్పుడు ఇంకో అరగంట" అన్నారు. మేస్త్రి నేల మీద కూర్చుండిపోయి తల ఊపాడు.

సాయంత్రం జపం అయ్యేదాకా ఆగి పైకి వెళ్ళాను. ఆయన కుర్చీలో ఉన్నారు. ఆవిడ ఆయన మోచేతికి మందు రాస్తోంది, చిన్న బండపెళ్ళ తగిలిందట. వెళుతూ వెళుతూ నాలుగు సాకులు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ గుమ్మం దగ్గరే వదిలేశాను.

"తిట్టండి సార్. కొట్టు ఖాళీ చెయ్యమంటే చేస్తా."

ఆయన నాతో కాదు, గోడ మీది మరియమాత పటంతో చెబుతున్నట్టు చెప్పారు. "ఆ పొలంలో ఏరిన మైన్లలో ఒకటి తక్కువొచ్చింది. నేనే లెక్కపెట్టాను. చీకటి పడుతోంది, రేపు చూద్దామన్నాను. సరిపోయిందిలే, పొద్దున రైతులు దున్నుకోవాలి అన్నారు పైవాళ్ళు. సరే అన్నాను. నాతో జోడీగా పనిచేసే సిపాయి నా ముందు నాలుగడుగులే నడిచాడు."

ఆవిడ మందు రాయడం ఆపలేదు. "ముప్పై ఏళ్ళుగా ప్రతి నెలా గుళ్ళో పాపసంకీర్తనంలో ఇదే తప్పు ఒప్పుకుంటారమ్మా. ఆ పాపం ఎప్పుడో పోయింది, ఇంకేదైనా చెప్పవయ్యా అంటారు ఫాదర్ గారు."

"నేనూ ఒకసారి బేరానికి ఒప్పుకున్నవాడినే" అన్నారు సార్. "నిన్నేమని తిట్టను? వెళ్ళు, పొద్దున కొట్టు తెరవాలి."

ఆయన తిట్టి ఉంటే రాత్రి నిద్ర పట్టేదేమో.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి కొట్టు ముందు ట్రాక్టరు బండ పోసి ఉంది. నల్లవి, నడిమివి. ధర నేనే పెంచుకున్నది. బండల మీద కూర్చుని ఆ పాలమూరు ఆమె నా కోసం చూస్తోంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా నోరు ఊరుకోలేదు.

"దింపినమక్కా. కడగలే, ఏమనుకోకు."

నేను లోపలికెళ్ళి గుడ్డ ఒకటి చింపి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూడలేదు, ధర అడగలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

బండ మూడు నెలలు అక్కడే ఉంది. రోజూ ఒంటిగంటకు షట్టరు పూర్తిగా దించి, బయట ఆ బండల మీద, సార్ మెట్ల కింద కూర్చునేదాన్ని. నాకు జపమాల లేదు. ఒళ్ళో పది బటన్లు పెట్టుకుని మోతకు ఒకటి చొప్పున పక్కకు జరిపేదాన్ని. తాడు అవతల ఆడపిల్లలు అరిచేవారు, "ఆంటీ, ఒక్క ఫాలే! పది నిమిషాల్లో తీయరా?"

"ఇక్కడ బేరం లేదమ్మా" అనేదాన్ని.

తొమ్మిదో బటన్ జరిపాక పదో దాని మీద వేలు పెట్టి ఆగేదాన్ని. పైన మెట్ల మీద ఆయన కూడా ఆగేవారు. ఇద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.